పొట్లం పొడితో తోడుపెట్టాను

కరుణ ఇప్పుడు బాగానే ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్ళు చివరిదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఇంట్లో ఆయాసం పిల్ల ఉన్నవాళ్ళకీ, పెద్దదాన్ని కాబట్టి అన్నీ నాకే తెలుసనుకునే నాలాంటి ఆడవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను. నేను చల్లపల్లి మిషను బళ్ళో మూడో తరగతి దాకా చదివాను. ఆ తరవాత చదివింది బైబిలూ, గోనెసంచుల మీద అచ్చేసిన అక్షరాలూ. తప్పులుంటే సర్దుకోండి.

మాది విజయవాడ వన్ టౌన్‌లో పాత సంచుల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. ఖాళీ సంచులు కొనడం, దులపడం, చిరుగులు కుట్టడం, మళ్ళీ అమ్మడం, ఇదే పని. మా ఆయన పోయాక సంచులు కుట్టే దబ్బనం నా చేతికొచ్చింది. నా చేతిలోంచి కొట్టు మా అబ్బాయి ప్రభుదాసు అందుకున్నాడు. పారేసేదంటూ మా ఇంట్లో ఉండదు. కుట్టడానికి కూడా పనికిరాని సంచి ఉంటే దాని పోగులు లాగి ఇంకో సంచి కుడతాం. నేను అలాగే బతికాను. ఇంట్లోవాళ్ళూ అలాగే బతకాలన్నాను.

2001 వానాకాలం

మా మనవరాలు కరుణకి అప్పుడు అయిదో ఏడు. ముసురు పట్టిన వారం రోజులూ తుమ్ములు, ముక్కు కారడం. తరవాత రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. పడుకోబెడితే ఊపిరాడక లేచి కూర్చునేది. గొంతు కింద గుంట లోపలికి పోయేది. గాలి కోసం ఆ పిల్ల పని చేస్తున్నట్టు ఉండేది. పొద్దస్తమానం బరువులు మోసి వచ్చిన మనిషి మొహం ఎలా ఉంటుందో, అయిదేళ్ళ పిల్ల మొహం అలా ఉండేది.

నేను ముందు చేసిన పని పెరుగు మాన్పించడం. పెరుగు కఫం చేస్తుందని మా అమ్మ చెప్పింది, మా అమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. వేడి చారన్నంతో లేచిపొమ్మనేదాన్ని. పక్కన వాళ్ళ నాన్న పెరుగన్నం కలుపుకుంటూ ఉంటే కరుణ చెయ్యి కడుక్కోకుండా కూర్చునేది.

"ఏంటే ఆ చూపు? లే."

"చూట్టం లేదు నాయనమ్మా. వాసన పీలుస్తున్నా."

"వాసనకి కూడా కఫం చేస్తుంది. లే."

పెరుగు మానినా పిల్లికూతలు మానలేదు. పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తిప్పడం మొదలైంది. ఆ ఆసుపత్రి వరండాలో రెండు బెంచీలుండేవి. అందరి ఒళ్ళోనూ దగ్గే పిల్లలే. తల్లులు ఒకళ్ళనొకళ్ళు అడిగేవాళ్ళు, మీకెన్నాళ్ళ నుంచి, మీకు ఏ మందు పడిందని. నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ఊరికే కూర్చోవడం చేతకాక గోనె పోగులు తీసుకెళ్ళి తొడ మీద పురికొస పేనుకునేదాన్ని. ఒకరోజు డాక్టరమ్మ చూసి బయట పెట్టి రమ్మంది. ఆ పోగుల దుమ్మే ఈ పిల్లకి పడటం లేదని చెప్పింది.

"ఊపిరి వెళ్ళే గొట్టాలు లోపల వాచిపోతున్నాయమ్మా. పడని దుమ్ము లోపలికి పోయినప్పుడల్లా వాస్తాయి. ఇల్లు మారగలరా?" అని మా అబ్బాయిని అడిగింది.

ఇల్లు మారలేదు. సంచులు దులిపే పని మాత్రం కాలవ అవతల రేకుల షెడ్డుకి మార్చాడు.

డాక్టరమ్మ నోటితో పీల్చే మందు పంపులు రెండు రాసింది. గోధుమరంగుది పొద్దునా సాయంత్రం, పిల్ల బాగున్నా సరే మానకూడదు. నీలంది ఆయాసం వచ్చినప్పుడు. పంపుకి ఒక ప్లాస్టిక్ గొట్టం తగిలించి నొక్కితే పిల్ల అందులోంచి మందు పీల్చి, పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. మా కోడలు విమల ఇబ్రహీంపట్నంలో బళ్ళో టీచరు. ఏడు గంటల బస్సుకి వెళ్ళి చీకటిపడే వేళకి వస్తుంది. అందుకని రెండు పూటలా పంపు వేయించే పని నాకు వచ్చింది.

ఆ పంపు నాకు మొదటినుంచీ గిట్టలేదు. పీల్చే మందు మొదలెడితే బతుకంతా పీల్చాల్సిందేనని మా వీధి వీధంతా అంటుంది. ఆడపిల్ల. రేపు సంబంధానికి వచ్చినవాళ్ళ ముందు సంచిలోంచి పంపు తీస్తుందా అనుకునేదాన్ని. అయినా రెండేళ్ళు వేశాను.

2003 ఎండాకాలం

కరుణకి జ్వరం తగిలి, మందులు వాడి, విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరమ్మ చిన్న చిన్న పొట్లాలు రాసింది, లోపల తెల్ల పొడి. ఆ రోజు విమల కూడా మాతో ఉంది.

"ఇందులో ఉండేవి బతికున్న సూక్ష్మజీవులమ్మా. పెరుగులో ఉండేలాంటివే. కడుపుకి మంచివి. ఇవి ఇస్తే ఇలాంటి పిల్లలకి ఊపిరి గొట్టాల వాపు కూడా తగ్గుతుందేమోనని పైదేశాల్లో చూస్తున్నారు. ఇంకా ఏమీ తేలలేదు. ఒక నెల రోజుకొకటి ఇచ్చి చూద్దాం, నష్టం లేదు. పంపు మాత్రం మామూలే."

"అయితే పెరుగు పెట్టొచ్చాండీ?" అన్నాను.

"ఇప్పుడు పెట్టడం లేదా?" అంది డాక్టరమ్మ.

విమల నా వైపు చూసింది. రెండేళ్ళ చారన్నం ఆ చూపులో ఉంది.

డాక్టరమ్మ చెప్పినవాటిలో నేను ఇంటికి తెచ్చుకున్నవి మూడే మాటలు. బతికున్నవి, పెరుగులోవి, వాపు తగ్గుతుంది. తేలలేదన్నదీ, పంపు మామూలే అన్నదీ ఆ వరండాలోనే ఉండిపోయాయి.

వస్తూ దారిలోనే ఆలోచించాను. బతికున్నదాన్ని రోజూ కొనడం ఏమిటి? తోడు ఎవరైనా రోజూ కొంటారా? ఒక్క పొట్లం పాలల్లో వేస్తే అదే పిల్లలు పెడుతుంది. ఆ సాయంత్రం గోరువెచ్చని పాలల్లో పొట్లం కత్తిరించి కలిపాను. గిన్నె బియ్యం డబ్బాలో దింపి మూతపెట్టాను. పొద్దున చూస్తే సరిగ్గా తోడుకోలేదు. జిగటగా, తీగలు సాగుతూ ఉంది. పారబోయడం నా వల్ల కాదు. అందులో మా ఇంటి పెరుగు ఒక చెంచా వేసి మళ్ళీ పాలు పోశాను. మర్నాటికి గిన్నె బోర్లించినా కదలనంత గట్టిగా పేరుకుంది. నేను గెలిచాననుకున్నాను. మిగిలిన పొట్లాలు ట్రంకు పెట్టెలో చీరల అడుగున పెట్టాను. ఎప్పుడైనా తోడు చెడితే పనికొస్తాయని.

కరుణ రెండేళ్ళ తరవాత పెరుగన్నం తింది. గిన్నె నాకింది. "ఇది మందా నాయనమ్మా?" అంది. మందేనన్నాను. "అయితే మారు వెయ్యి" అంది.

నెల గడిచింది, పిల్లికూతలు లేవు. ఆ నెలంతా ఎండలు, సంచుల బేరం లేదు, కొట్టు సగం ఖాళీ. ఆ సంగతి నాకు తట్టలేదు. పెరుగే పని చేస్తోందనుకున్నాను. జూలైలో ఒక పూట పంపు వేయడం మర్చిపోయాను. ఏమీ కాలేదు. మర్నాడు మర్చిపోలేదు, మానేశాను.

సాయంత్రం విమల చెప్పులు విప్పుతూనే అడిగేది.

"వేశారా అత్తయ్యా?"

"చూసుకున్నానమ్మా."

అబద్ధం ఆడలేదని నాకు నేను చెప్పుకున్నాను. పిల్లని చూసుకుంటూనే ఉన్నాను కదా అని. అప్పుడు కరుణ అక్కడే కూర్చుని ఎక్కాలు రాసుకుంటూ ఉండేది. అమ్మకి చెప్పొద్దని నేను ఏనాడూ అనలేదు. అననక్కర్లేకపోయింది.

ఎదురింటి రత్తమ్మ వాళ్ళాయనకీ ఆయాసమే. ఆయన కాళేశ్వరరావు, ధాన్యం మూటలు మోస్తాడు. రత్తమ్మని పిలిచి స్టీలు గ్లాసులో తోడు పోసిచ్చాను.

"ఇందులో ఏం కలిపావు వదినా?"

"ఆసుపత్రి మందు. రోజూ పెట్టు. పంపూ గింపూ అక్కర్లేదు."

నువ్వు చెప్పాక తిరుగేముంది వదినా అని తీసుకెళ్ళింది. నాకు ఆ మాట ఇష్టంగా ఉంది.

2004 జనవరి

ధాన్యం ఇళ్ళకి చేరే రోజులు. డెల్టా అంతా సంచుల కోసం మా కొట్టు మీద పడుతుంది. ఆ శనివారం పెద్ద లోడు దిగింది. షెడ్డుకి మోయించి మళ్ళీ ఇక్కడికి తెప్పించడం దండగనిపించింది. ఈ ఒక్కపూటకి ఇక్కడే దులిపేయండి అన్నాను. ప్రభుదాసు ఊళ్ళో లేడు, సరుకు కోసం గుడివాడ వెళ్ళాడు. కొట్లో నా మాటే చెల్లింది.

ఆ రోజు కరుణ బడికి సెలవు, విమల బడికి లేదు. మధ్యాహ్నం నాకు మంచినీళ్ళు తెచ్చిస్తానని చెంబుతో కిందికి దిగింది. దుమ్ములో నుంచుని రెండుసార్లు తుమ్మింది. పైకి పొమ్మన్నాను. మూడో మెట్టు మీద కూర్చుండిపోయింది.

నీలం పంపు వేశాను. మళ్ళీ వేశాను. మళ్ళీ. పెదాలు నేరేడుపండు తిన్నట్టు అయ్యాయి. పిల్లికూతలు కూడా ఆగిపోయాయి. అవి ఆగితే మంచిదేమో అనుకున్నాను. ఆగడం ఇంకా చెడ్డదని తరవాత డాక్టరమ్మ చెప్పింది, లోపలికి గాలే పోవడం లేదని అర్థమట. రత్తమ్మ చూసి కేక పెట్టింది. ఆటో దొరికింది గానీ వీధి నిండా తోపుడుబళ్ళు. రత్తమ్మే ముందు పరిగెత్తి, "తియ్యండయ్యా బళ్ళు, పిల్ల పోతోంది" అని అరుస్తూ దారి చేసింది. పిల్ల పోతోందన్న మాట విన్నాను. ఎవరి పిల్ల గురించో అన్నట్టు విన్నాను.

ఆసుపత్రిలో పిల్లని లోపలికి తీసుకెళ్ళారు. నన్ను బయట కూర్చోమన్నారు. అక్కడ స్ట్రెచర్ ఒకటి ఉంది, దాని మీద రెక్సిన్ జానెడు చిరిగింది. రెండు బారల పురికొస ఉంటే కుట్టేయొచ్చు. దబ్బనం ఏ వైపు నుంచి దించాలో, ముడి ఎక్కడ వేయాలో ఆలోచిస్తూ కూర్చున్నాను. ప్రార్థన చేయాలని తెలుసు. మాటలు రాలేదు. ఏడుపూ రాలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంటే ఎవరో నా దగ్గర దాచమని ఇచ్చి వెళ్ళిన వస్తువుల్లా ఉన్నాయి.

ఆయా ఒకామె వచ్చి నా కాళ్ళ వైపు చూసింది. నేను చెప్పుల్లేకుండా వచ్చేశాను. "నేల చల్లగా ఉందమ్మగారూ" అని తన హవాయి చెప్పులు విప్పి నా ముందు పెట్టి, తను వట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళిపోయింది. అవి నాకు చిన్నవి. మడమలు బయటికి పెట్టుకుని సాయంత్రం దాకా తొడుక్కునే ఉన్నాను.

కబురంది విమల బస్సు దిగి పరిగెత్తుకొచ్చేసరికి నన్ను కూడా లోపలికి రానిచ్చారు. కరుణ మొహానికి మాస్కు, అందులోంచి మందు పొగలాగా వస్తోంది. పెదాల రంగు కొంచెం తిరిగింది. డాక్టరమ్మ మాస్కు పక్కకి జరిపి అడిగింది.

"కరుణా, గోధుమరంగు పంపు రోజూ పీలుస్తున్నావా అమ్మా?"

కరుణ నా వైపు చూసింది. "రోజూ... నాయనమ్మ... వేస్తది" అంది. ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి ఖర్చుపెట్టి చెప్పింది. ఆ పిల్ల దగ్గర అప్పుడున్నదే కొంచెం ఊపిరి. దాన్ని నాకోసం వాడింది.

డాక్టరమ్మ విమల వైపు తిరిగింది. "రోజూ వాడుతున్నా ఇంత అయిందంటే ఈ మందు చాలట్లేదమ్మా. ఇంకా పెద్ద మందుకి వెళ్ళాలి" అని కాగితం మీద రాయబోయింది.

నేను ఊరుకుంటే ఊరుకోవచ్చు. పిల్ల చెప్పింది, డాక్టరమ్మ నమ్మింది, కోడలు నమ్మింది. నా పరువు నాకుంటుంది. అక్కర్లేని పెద్ద మందు మాత్రం పిల్ల ఒంట్లోకి పోతుంది. నాకు భయమూ వేయలేదు, సిగ్గూ వేయలేదు. ఏదైనా వేసి ఉంటే బాగుండేది.

"లేదండీ. నేనే మాన్పించాను. ఆరు నెలలైంది."

డాక్టరమ్మ కలం ఆగింది. పొడి సంగతి, తోడు సంగతి, ఇంటి పెరుగు కలిపిన సంగతి అన్నీ చెప్పాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. కుర్చీ లాగి నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మగారూ, మీరు మీ ఇంటి పెరుగు కలిపాక నాలుగు రోజుల్లో అది మీ ఇంటి పెరుగే అయిపోయి ఉంటుంది. పొడిలోవి అందులో మిగిలాయో లేదో కూడా తెలీదు."

"అయితే ఇన్నాళ్ళూ పిల్ల తిన్నది?"

"మామూలు పెరుగు. తింటే మంచిదే. నేను చెప్పిన పొడి కూడా పనిచేస్తుందని చెప్పలేదు, చెయ్యొచ్చేమో అన్నాను. ఆ మాట ఇంకా గట్టిగా చెప్పాల్సింది, నాదీ పొరపాటే. కానీ పంపు మానకూడదు. మీరిప్పుడు చెప్పకపోతే నేను తప్పు మందు రాసేదాన్ని."

విమల నా మీద అరవలేదు. అరిస్తే వినడానికి తయారుగా ఉన్నాను. కరుణ జుట్టు సర్దుతూ, నా వైపు చూడకుండా అంది.

"నేను రోజూ అడిగాను కదండీ. చూసుకున్నానన్నారు."



ఆ తరవాత

నాలుగు రోజులు ఉంచి పంపించారు. ఇంటికి వచ్చిన రోజే ఎదురింటికి వెళ్ళాను. జీవితంలో ఎవరింటికీ తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళలేదు, ఎలా నుంచోవాలో కూడా తెలియలేదు. గుమ్మంలోనే చెప్పేశాను. నేనిచ్చిన పెరుగులో మందు లేదు, తమ్ముడు పంపు మానేసి ఉంటే వెంటనే మొదలెట్టాలి అని.

కాళేశ్వరరావు మంచం మీంచి లేచి కూర్చుని నవ్వాడు. "మందు ఎవడు మానేశాడక్కయ్యా? పెరుగు కమ్మగా ఉందని తింటన్నా. నీ మాటకి ఎదురు చెప్పలేక ఇది ఊ కొట్టింది."

"మరి నాకు చెప్పొచ్చుగా రత్తమ్మా?"

"నీకు చెప్పేంత ధైర్యం ఈ వీధిలో ఎవరికుంది వదినా?" అంది రత్తమ్మ.

నవ్వుతూనే అంది. నేను ఇంటికొచ్చి ఆ మాట మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. నా మనవరాలికి కూడా అంత ధైర్యం లేకపోయింది. ఊపిరి అందనప్పుడు కూడా.

ప్రభుదాసు కొట్టుకి దూరంగా ఒక ఇల్లు అద్దెకి చూశాడు. వారంలో మారాం. నాతో మాట్లాడుతూనే ఉన్నాడు గానీ ఏ విషయమూ నన్ను అడగడం మానేశాడు. విమల రెండు పంపులనీ తన చేతిసంచిలో పెట్టుకుంది. పొద్దున బస్సుకి ముందు తనే వేసేది, సాయంత్రం రాగానే తనే వేసేది. నీలం పంపు ఇంకోటి కొని కరుణ బడిసంచిలో పెట్టింది. ఎత్తిపొడుపు మాట ఒక్కటి అనలేదు. నన్ను ఆ ప్రశ్న అడగడం మానేసింది, అంతే. సాయంత్రం చెప్పులు విప్పేది, లోపలికి వెళ్ళిపోయేది. ఆ కాసేపు నేను గుమ్మం దగ్గర బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చునేదాన్ని. రాళ్ళు లేకపోయినా ఏరేదాన్ని.

ట్రంకు పెట్టెలో పొట్లాలు గడువు దాటిపోయాయి. నా చేత్తో బయట పారేశాను. వాడని వస్తువు పారేయడం నాకు అదే మొదలు.

తోడు మాత్రం పెడుతూనే ఉన్నాను. కరుణ పెరుగు తింటూనే ఉంది. అందువల్ల దానికి మేలు జరుగుతోందా అని తరవాత ఒకసారి డాక్టరమ్మని అడిగాను. "తెలీదమ్మా, ఇంకా చూస్తున్నారు" అంది. అంత చదువుకున్నామె తెలీదని అంత తేలిగ్గా అనగలిగింది. నేను అరవై ఏళ్ళలో ఆ మాట ఒక్కసారీ అనలేదు.

మీ ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే, ఎవరైనా పొడి చెప్పినా, చేపమందు చెప్పినా, పెరుగు చెప్పినా వాడుకోండి, వాడుకోకపోండి. డాక్టరు రాసిన పంపు మాత్రం డాక్టరు చెప్పకుండా మాన్పించకండి. బాగుందంటే అది పంపు వల్లే బాగుందేమో అనుకోండి. నాకు ఆ మాట తట్టలేదు.

జూన్‌లో బళ్ళు తెరిచారు. విమలకి పొద్దున్న బస్సు ఇంకా ముందుకి జరిగింది. కరుణ లేవకముందే వెళ్ళిపోవాలి. ఆ మొదటి రోజు నేను వంటింట్లోకి వెళ్ళేసరికి అలమరలో, పెరుగు గిన్నె పక్కన, గోధుమరంగు పంపూ గొట్టమూ ఉన్నాయి. చీటీ లేదు. విమల అప్పటికే వీధి మలుపు తిరిగింది.

కరుణని లేపాను. గొట్టం నోట పెట్టుకుంది. నేను నొక్కాను. ఊపిరి బిగబట్టింది. నేను పైకి లెక్కపెట్టాను, అది వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకుంది. పది దాకా. సాయంత్రం దీపాలు పెట్టకముందే ఇంకోసారి వేశాను.

విమల వచ్చింది. చెప్పులు విప్పింది. ఒక చెయ్యి గోడకి ఆనించి, రెండో చెప్పు విప్పుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"వేశారా అత్తయ్యా?"

"వేశాను" అన్నాను.

సరేనండీ అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది.